బొటనేలంత కిలుము

నెలపొడుపు కనబడ్డ తెల్లారి
పెంటుసాబు పెదనాయిన సందూగ తెరుస్తడు.
తాళంచెవి ఏడాదంతా ఆయన మొలతాడుకే.
మూత లేస్తుంటే ముందుగాల వచ్చేది
దేవుని వాసన కాదు,
కలరా గోళీలు, ఎలకలు, పోయినేటి ఊదు.

పచ్చబట్ట ముడి ఇప్పితే
ఏడుగురు పీర్లు
నల్లగ, ఒకరి మీదొకరు ఒరిగి,
రాత్రి బండి దిగిన పాలమూరు కూలోళ్ల లెక్క.

చింతపండు మాది కాదు.
గొల్ల మారెమ్మ మొక్కు అది, ఏటా ఆమె చెట్టుదే,
గింజలు తీసి ఇయ్యాల, తియ్యకపోతే పెదనాయిన ఊకోడు.
ఇటుకపొడి మాత్రం నేనే దంచి జల్లిస్త.
ఒకప్పుడు దిండి వాగుకు మోసుకపోయి కడిగెటోళ్లంట.
ఇప్పుడు బోరు నీళ్లు.
ఆరితే ఇత్తడి మీద తెల్లమచ్చలు పెడ్తయి,
మా పండ్లకు పెట్టినట్టే.
ఇత్తడివైతే పులుపుకు పోతయి.

ఐదు వేళ్ల సందుల్ల కొబ్బరిపీచు దూర్చి తోముతుంట.
పెద్దపీరు చిటికెనేలు ఓ యేడు గుండంల పడి ఇరిగింది.
దేవరకొండ కంచరి సోమాచారి అతికిండు,
పైసల్ తీసుకోలే, రెండు కుడుకలు తీసుకున్నడు.
అతుకు కాడ రంగు వేరు.
ఎంత తోమినా కలవది.
కలవాల్నని ఎవలూ అడగరు.

మా అక్క కొడుకు యాకూబు
కొండమల్లేపల్లిల సీసా కొన్కొచ్చిండు.
గుడ్డకద్ది రుద్దితే చాలు మామా అన్నడు.
నిజమే, చిటికెల తళతళమన్నది.
పెదనాయిన ఏమనలే.
ఆ తళతళను అట్లనే తీస్కపోయి
చింతపండు నీళ్లల్ల ముంచిండు.

అందరికన్న చిన్నపీరు నాకిస్తరు.
కర్ర దూరే గొట్టం మీద
ఎవరో మొలతోని గీకిన అచ్చరాలు.
నేను రెండో తరగతిల ఉన్నప్పుడు
వేలు పెట్టి కూడబలుక్కుంట సదివిన:
డప్పు నర్సి పెండ్లాం బాలమ్మ
బిడ్డ బతికినందుకు.

బడిల కాకుండ నేను సదివిన మొదటి వాక్యం అదే.

'డప్పు' ఎప్పుడు పోయిందో తెల్వది.
నర్సి పోయిండు.
పోయినేడు 'బాల' దాక ఉండె,
ఈ యేడు సున్న తీరు ఒక గీత, తర్వాత
'బిడ్డ బతికి'.
దొంగలు ఎత్కపోలే.
నిప్పుల కాలలే.
మేమే అరగదీసినం, భక్తితోని,
ఏటికో పొర, ఈ నా చేతులతోనే.

ఈసారి ఆ మాటల మీద బొటనేలు ఒత్తిపెట్టి
చుట్టూ తోమిన.
ఏలు తీస్తే
ఏలంతే నల్లగ మిగిలింది.

"ఆడ ఉండిపాయె గదరా" అన్నడు పెదనాయిన.
నేను తల ఎత్తలే.
అద్దాలు లేకుండ ఆయనకు అచ్చరం ఆనది,
గొట్టాన్ని గోరుతోని తడుముకున్నడు,
గోరు ఒకకాడ ఆగింది.
జర సేపటికి ఎర్ర దట్టీ అందుకొని
ఎప్పటికన్న రెండేళ్లు కిందికి చుట్టి ముడేసిండు.

పచ్చటి నీళ్లు దడి పక్కకు ఒంపిన.
అండ్ల ఎన్నేండ్ల బాలమ్మలు కారిపోయిన్రో,
యాకూబు చెప్పులు అదే తడిల టపటపమన్నయి.

రాత్రి గుండం చుట్టూ ఊరంతా అలాయి ఆడింది.
చిన్నపీరు మంటలకెల్లి ఊగుకుంట పోతుంటే
"అబ్బ, ఎట్ల మెరుస్తున్నదో సూడు" అన్నది
సంకల పోరనితోని ఒకామె, నా పక్కకే.
ఎవరింటామెనో. ఎవరి మనుమరాలో.
అడుగుదామనుకున్న, డప్పులల్ల ఇనబడదని ఊకున్న.

ఇంటికొచ్చి రొట్టె తుంచితే
రొట్టెంతా ఇత్తడి వాసన.
సబ్బు పెట్టి కడిగిన, పోలే.
అట్లనే తిన్న.